గరాటు బెడ్‌లో ఇసుక ఏ స్పీడ్ దగ్గర తేలుతుంది?

జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల వైపు టాబ్లెట్లు చేసే ప్లాంట్లలో పనిచేసినవాళ్ళకి ఎఫ్‌బిడి (ఫ్లూయిడ్ బెడ్ డ్రైయర్) బౌల్ బాగా తెలుసు, తడి గ్రాన్యూల్స్‌ని వేడిగాలితో ఆరబెట్టే మెషీన్‌లోకి ట్రాలీ మీద తోసుకెళ్ళే స్టీల్ పాత్ర అది. ఎక్కువ మోడళ్ళలో అది బకెట్‌లా ఉంటుంది, కింద సన్నం, పైన వెడల్పు. ఎందుకలా చేశారు అని అడిగితే మెటీరియల్ ఈజీగా ఖాళీ అవడానికి అని చెప్పేస్తారు చాలామంది. కానీ అడుగున ఉండేది మెష్, అందులోంచి మెటీరియల్ కిందకి రాదు, ఖాళీ చేయాలంటే బౌల్‌ని వంచి పైనుంచే ఒంపాలి, కాబట్టి ఆ జవాబు నిలబడదు. అసలు కారణం లోపల గాలికీ గింజలకీ మధ్య జరిగే వ్యవహారంలో ఉంది, అది మామూలు గొట్టంలో జరిగే దానికంటే చాలా తేడాగా ఉంటుంది.

ముందు మామూలు గొట్టం సంగతి. నిలువు గొట్టంలో ఇసుక పోసి (ఇలా పోసిన గింజల పొరనే బెడ్ అంటారు) కింద మెష్ లోంచి గాలి పంపితే, మొదట్లో గాలి గింజల సందుల్లోంచి దూరి వెళ్ళిపోతుంది, ఇసుక కదలదు. గాలి పెంచేకొద్దీ ప్రెషర్ డ్రాప్, అంటే ఇసుక కిందకీ పైకీ మధ్య గాలి ఒత్తిడి తేడా, పెరుగుతుంది. ఒక స్పీడ్ దగ్గర గాలి గింజల్ని పైకి తోసే బలం, ఇసుక బరువు సమానం అవుతాయి, అప్పుడు ఇసుక మొత్తం ఒక్కసారి వదులై ఉడుకుతున్న పప్పులా కదలడం మొదలుపెడుతుంది, పైన ఏదైనా తేలికైన వస్తువు పెడితే తేలుతుంది, బరువైంది పెడితే మునిగిపోతుంది. దీన్నే ఫ్లూయిడైజేషన్ అంటారు, ఆ స్పీడ్‌ని మినిమమ్ ఫ్లూయిడైజేషన్ వెలాసిటీ అంటారు. అర మిల్లీమీటర్ ఇసుకకి మామూలు గాలితో ఐతే అది సెకనుకి సుమారు 0.2 మీటర్లు. ఆ తర్వాత ఎంత గాలి పెంచినా ప్రెషర్ డ్రాప్ దాదాపు అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే మోయాల్సిన బరువు మారలేదు కదా. 1926లో జర్మనీలో లాయ్‌నా దగ్గర వింక్లర్ బొగ్గు గ్యాసిఫైయర్‌తో ఈ టెక్నిక్ ఇండస్ట్రీలోకి వచ్చింది, 1942లో అమెరికాలో బాటన్ రూజ్‌లో పెట్రోల్ కోసం క్రాకింగ్ యూనిట్ పెట్టాక అన్ని రిఫైనరీలకీ పాకింది, పాఠ్యపుస్తకాల్లో ఉన్న ఫార్ములాలు కూడా చాలావరకు ఈ నిలువు గొట్టం లెక్కే.

ఇప్పుడు అదే గొట్టాన్ని గరాటులా చేద్దాం. గోదావరి పాపికొండల మధ్య ఇరుక్కుని వడిగా పోతుంది, రాజమండ్రి దగ్గరికొచ్చేసరికి కిలోమీటర్ల వెడల్పున నింపాదిగా కదులుతుంది, నీళ్ళు అవే కానీ పారే దారి పెద్దదైంది. ఇలాంటి గరాటు బెడ్‌లో (టేపర్డ్ బెడ్ అంటారు) గాలికీ అంతే. కింద ఇరుకు కాబట్టి వడి ఎక్కువ, పైకెళ్ళేకొద్దీ ఏరియా పెరిగి వడి పడిపోతుంది, పైగా ఏరియా డయామీటర్‌కి స్క్వేర్‌లో పెరుగుతుంది కాబట్టి వెడల్పు డబుల్ ఐతే స్పీడ్ నాలుగో వంతుకి దిగుతుంది. వినడానికి ఇంతే, కానీ దీనివల్ల "ఈ బెడ్ ఏ స్పీడ్ దగ్గర తేలుతుంది" అన్న ప్రశ్నకి ఒక్క నంబర్ జవాబు ఉండదు. ఇది చాలా రిపోర్టుల్లో సరిగా పట్టించుకోని పాయింట్, అంచేత ఒక బెడ్ తీసుకుని లెక్క చేసే చూద్దాం.

కింద డయామీటర్ 10 సెంటీమీటర్లు, గోడ నిలువుకి 10 డిగ్రీలు బయటకి వంగి ఉంది, ఇసుక 30 సెంటీమీటర్ల ఎత్తు పోశాం. అంటే ఇసుక పైభాగం దగ్గర డయామీటర్ సుమారు 20.6 సెంటీమీటర్లు. కింద ఏరియా 78.5 చదరపు సెంటీమీటర్లు, పైన దాదాపు 333, నాలుగు రెట్లకి పైనే. ఇసుక అదే అర మిల్లీమీటర్‌ది, పోసినప్పుడు లీటరుకి కిలోన్నర తూగుతుందనుకుంటే మొత్తం 8.6 కిలోలు.

గాలి నిమిషానికి 94 లీటర్లకి చేరేసరికి మెష్ దగ్గర స్పీడ్ 0.2 మీటర్లు. నిలువు గొట్టం ఐతే ఇక్కడితో పని ఐపోయేది, ఇక్కడ మాత్రం ఏమీ జరగదు, బయటనుంచి చూస్తే ఇసుక రాయిలా ఉంటుంది. అడుగు పొరలో గింజలు లేవడానికి రెడీగానే ఉన్నాయి, కానీ వాటి నెత్తిన ఉన్న పొరలకి ఇంకా చాలినంత గాలి తగలట్లేదు, పైపొర దగ్గర స్పీడ్ 0.05 కూడా లేదు. బస్సులో డోర్ దగ్గరవాళ్ళు లోపలికి తోస్తుంటే లోపలవాళ్ళు జరగకపోతే ఎలా ఉంటుందో అలా, కింద గింజలు పైవాటిని తోస్తూ బిగుసుకుపోతాయి. ఇంకా గాలి పెంచితే ఆ బిగింపు ఇంకా పెరుగుతుంది, కిందపొరలు తమ బరువుకి మించిన తోపుని మోస్తూ అలాగే ఉంటాయి.

మరి ఎప్పుడు వదులుతుంది? మొత్తం గింజల మీద గాలి తోపు అంతా కలిపితే మొత్తం బరువుకి సమానమైనప్పుడు. ఇక్కడ లెక్క కొంచెం సరదాగా ఉంటుంది. సన్నటి ఇసుకకి రెసిస్టెన్స్ దాదాపుగా స్పీడ్‌తో పాటే నేరుగా పెరుగుతుంది, ఈ రెసిస్టెన్స్‌కి ఎర్గన్ అనే ఇంజినీర్ 1952లో ఇచ్చిన సమీకరణంలో స్పీడ్ స్క్వేర్ ఉన్న రెండో ముక్క ఈ సైజులో చిన్నదే కాబట్టి పక్కనపెట్టొచ్చు. అప్పుడు ఒక్కో పొరలో తోపు అంటే స్పీడ్ ఇంటూ ఏరియా, స్పీడ్ అంటే గాలి బై ఏరియా, రెండు ఏరియాలూ కొట్టేసుకుపోతాయి. అంటే కింద పొరకైనా పై పొరకైనా గాలి ఇచ్చే తోపు ఒక్కటే, కానీ మోయాల్సిన బరువు మాత్రం పైపొరల్లో ఎక్కువ. కింద పొర తన వాటా కంటే ఎక్కువ అందుకుని ఆ మిగులుని పైకి అప్పిస్తుందన్నమాట. అన్నీ కలిపి చూస్తే, గాలి "0.2 ఇంటూ సగటు ఏరియా"కి చేరినప్పుడు బెడ్ వదులుతుంది. ఈ గరాటుకి సగటు ఏరియా 191 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి నిమిషానికి 229 లీటర్లు. ఆ క్షణంలో మెష్ దగ్గర స్పీడ్ దాదాపు 0.49, అంటే కావాల్సిన దానికి రెండున్నర రెట్లు, పైన మాత్రం 0.115, కావాల్సిన దాంట్లో సగం కంటే కొంచెం ఎక్కువ.

ఈ టైమ్‌లో ప్రెషర్ కొలిచే మానోమీటర్ మీద కన్నేసి ఉంచాలి. బెడ్ ఎత్తు లెక్కన రావాల్సిన ప్రెషర్ డ్రాప్ సుమారు 450 మిల్లీమీటర్ల నీటిమట్టం, కానీ బిగింపు వల్ల రీడింగ్ 530 దాకా ఎక్కుతుంది, బెడ్ పగిలిన, అంటే ఆ బిగింపు వదిలిన, వెంటనే 400 దగ్గరకి దబ్బున పడుతుంది. గోడ రాపిడి, గింజల ఎగుడుదిగుడు ఆకారం కూడా కలిస్తే నిజం సెటప్‌లో ఆ శిఖరం ఇంకా ఎత్తుగా ఉండొచ్చు. నిలువు గొట్టంలో కూడా గట్టిగా కూరిన ఇసుకకి చిన్న బుడిపె కనిపిస్తుంది, కానీ అది పోసిన తీరుని బట్టి వచ్చేది, ఇక్కడ ఐతే ఆకారం వల్లే వస్తుంది, ఎంత వదులుగా పోసినా తప్పదు. బ్లోవర్ సెలెక్ట్ చేసేటప్పుడు 450 చూసుకుని కొంటే స్టార్ట్ చేసేటప్పుడే బెడ్ లేవదు, నడిచేటప్పుడు 400 చాలు కదా అని ఎంత వాదించినా లాభం లేదు, ముందు 530 దాటాలి.

పగిలాక లోపల ఏం జరుగుతుంది అన్నది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 229 లీటర్ల దగ్గర, అడుగునుంచి 16 సెంటీమీటర్ల ఎత్తు దాకా గాలి స్పీడ్ 0.2 పైన ఉంటుంది, ఆ పైన తక్కువ. అంటే కింద సగం తేలుతుంది, పై సగానికి తన బరువు మోయించుకునేంత గాలి లేదు, కాబట్టి అది కిందకి జారాలనే చూస్తుంది. గాలి మధ్యలోంచి దారి చేసుకుని పోతుంది ఎక్కువగా, ఆ దారిలో గింజలు పైకి ఎగురుతాయి, పైకెళ్ళాక వడి తగ్గి పక్కలకి పడతాయి, గోడ వాలు వెంట మెల్లగా కిందకి జారి మళ్ళీ మధ్యలోకి వస్తాయి. గాజు గోడ ఉన్న సెటప్‌లో చూస్తే గోడ పక్కన ఇసుక ఉప్మారవ్వ డబ్బాలోంచి జారినట్టు పొరలు పొరలుగా దిగుతుంటుంది, మధ్యలో ఏం జరుగుతోందో అసలు కనపడదు, పైన మాత్రం చిన్న ఊటలా ఇసుక ఎగసి పడుతుంటుంది. ఈ చక్రమే టేపర్డ్ బెడ్ అసలు సొత్తు. పైపొర కూడా పూర్తిగా తేలాలంటే నిమిషానికి 400 లీటర్లు కావాలి, అప్పటికి మెష్ దగ్గర స్పీడ్ 0.85.

కాబట్టి 94, 229, 400. నిలువు గొట్టంలో ఈ మూడూ ఒకే నంబర్.

గాలి తగ్గించుకుంటూ వస్తే ఇదే దారిలో వెనక్కి రాదు, అది ఇంకో తిరకాసు. పెంచేటప్పుడు వచ్చిన 530 శిఖరం తగ్గించేటప్పుడు కనపడదు, ఎందుకంటే ఇప్పుడు ఇసుక వదులుగా ఉంది, కిందవి పైవాటిని తోసే బిగింపు లేదు. ముందు పైపొర నిద్రపోతుంది, తర్వాత కిందకి కిందకి. ఒకే గాలికి రెండు రీడింగులు, వచ్చిన దారిని బట్టి. నిలువు గొట్టంలో తగ్గించుకుంటూ వచ్చే గ్రాఫ్ చూసి మినిమమ్ స్పీడ్ తీయడం మంచి అలవాటే, గరాటులో మాత్రం అలా తీస్తే ఆ 229 మొత్తానికే దొరకదు, తీరా ప్లాంట్‌లో స్టార్టప్ రోజు దొరుకుతుంది.

ఎత్తు సంగతి కూడా చూడాలి. నిలువు గొట్టంలో ఇసుక తక్కువ పోసినా ఎక్కువ పోసినా తేలే స్పీడ్ మారదు, ప్రెషర్ డ్రాప్ మాత్రమే మారుతుంది. గరాటులో ఎత్తు మారితే సగటు ఏరియా మారుతుంది, కాబట్టి కావాల్సిన గాలే మారిపోతుంది. అదే గరాటులో 15 సెంటీమీటర్లే పోస్తే ఇసుక 2.9 కిలోలు, సగం ఎత్తుకి మూడో వంతు బరువే పట్టింది, బెడ్ పగలడానికి నిమిషానికి 153 లీటర్లు చాలు. ఎఫ్‌బిడి దగ్గర బ్యాచ్ సైజ్ మారితే పాత ఎయిర్ సెట్టింగ్ ఎందుకు పనిచేయదో ఇక్కడే తెలిసిపోతుంది. చిన్న బ్యాచ్‌కి పెద్ద బ్యాచ్ గాలి ఇస్తే గ్రాన్యూల్స్ వెళ్ళి పైనుండే ఫింగర్ బ్యాగులకి (పొడిని ఆపే వడపోత సంచులకి) అతుక్కుంటాయి, పెద్ద బ్యాచ్‌కి చిన్నదాని గాలి ఇస్తే అడుగున ఉడుకుతూ పైన తడిముద్ద అలాగే కూర్చుంటుంది.

ఆ తడిముద్ద దగ్గర ఇసుక లెక్కలు కొంత తప్పుతాయి, ఒప్పుకోవాలి. తడి గ్రాన్యూల్స్ ఒకదానికొకటి అంటుకుంటాయి, గాలికి ఒక సందు దొరికితే అందులోంచే మొత్తం వెళ్ళిపోతుంది, ఎలుక బొరియలా ఒక దారి పడిపోయి మిగతాదంతా చలనం లేకుండా ఉంటుంది. అప్పుడు ప్రెషర్ డ్రాప్ ఉండాల్సిన దానికంటే తక్కువ చూపిస్తుంది, ఔట్‌లెట్ టెంపరేచర్ మాత్రం తొందరగా ఎక్కుతుంది, ఎండిపోయిందనుకుని ఎల్‌ఓడి (ఇంకా ఎంత తేమ మిగిలిందో చూసే టెస్ట్) తీస్తే ఒక మూల శాంపిల్ ఒకలా ఇంకో మూల ఇంకోలా వస్తుంది. అందుకే మధ్యలో ఆపి బౌల్ బయటకి లాగి మెటీరియల్‌ని చేత్తో కలిపి మళ్ళీ పెట్టడం, రేకింగ్ అంటారు దాన్ని, చాలా బ్యాచ్ రికార్డుల్లో ఒక స్టెప్‌గానే ఉంటుంది. గరాటు ఆకారం ఈ బొరియల్ని పూర్తిగా ఆపలేదు కానీ అడుగున వడి ఎక్కువ కాబట్టి ముద్దల్ని తొందరగా విడగొడుతుంది. ఎండేకొద్దీ గ్రాన్యూల్స్ తేలికవుతాయి, అదే గాలికి ఇంకా ఎత్తు ఎగురుతాయి, అలా ఎగిరినవి పైన వెడల్పు భాగంలోకి వెళ్ళేసరికి గాలి వడి తగ్గి వెనక్కి పడతాయి. పొడి ఎగిరిపోవడం తగ్గించడానికి వేరే ఖర్చు లేకుండా దొరికే సుఖం ఇది.

వేర్వేరు సైజులు కలిసి ఉన్నప్పుడు కూడా ఈ ఆకారం కలిసొస్తుంది. నిలువు గొట్టంలో పెద్దగింజలు తేలేంత గాలి ఇస్తే సన్నవి కొట్టుకుపోతాయి, సన్నవాటికి సరిపడా ఇస్తే పెద్దవి అడుగున గుట్టపడతాయి. గరాటులో పెద్దవి అడుగుకి చేరినా అక్కడ వడి ఎక్కువ కాబట్టి ఆడుతూనే ఉంటాయి, సన్నవి పైన వడి తక్కువ ఉన్నచోట నిలబడతాయి. బుడగల సంగతీ అంతే. నిలువు సన్న గొట్టంలో బుడగలు పైకెళ్ళేకొద్దీ కలిసి పెద్దవై చివరికి గొట్టం అంత వెడల్పు అవుతాయి, అప్పుడు ఇసుక పిస్టన్‌లా లేచి దబ్‌మని పడుతుంది, స్లగ్గింగ్ అంటారు, మెషీన్ మొత్తం ఊగిపోతుంది. గరాటులో బుడగ పెరిగినా చుట్టూ చోటు కూడా పెరుగుతుంది, పైగా పైకెళ్ళేకొద్దీ మిగులు గాలి తగ్గుతుంది, కాబట్టి ఆ గోల తక్కువ. వేడి పుట్టే రియాక్షన్లకి కూడా మంచిదే, గ్యాస్ లోపలికి రాగానే రియాక్షన్ జోరుగా జరిగేది అడుగునే, కలపడం జోరుగా ఉండేదీ అడుగునే, ఒక్కచోట కాలిపోయే ప్రమాదం తగ్గుతుంది. నీటితో నడిచే బెడ్లలోనూ వాడారు దీన్ని, 1976లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ల్యాబ్ వాళ్ళు టేపర్డ్ బయోరియాక్టర్ గురించి రాశారు, రేణువుల మీద సూక్ష్మజీవుల పొర పెరిగి తేలికైపోయినా కొట్టుకుపోకుండా పైన వెడల్పు భాగం ఆపుతుంది.

ఇంతకీ గోడ ఎంత వాలు ఉండాలి? వాలు మరీ తక్కువైతే గొట్టంతో తేడా తెలియదు. బాగా ఎక్కువైతే గాలి గోడల వైపు విచ్చుకోలేదు, మధ్యలో జెట్‌లా దూసుకుపోతుంది, గోడ పక్కన ఇసుక మూలకూర్చుంటుంది. కానీ ఆ జెట్‌నే పనికి పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో గోధుమలు ఆరబెట్టాలని చూస్తుంటే అంత పెద్దగింజ మామూలు బెడ్‌లో సరిగ్గా తేలలేదు, పెద్ద పెద్ద బుడగలు, ఎగుడుదిగుడు. చిన్న కన్నంలోంచి గాలి జెట్ కొట్టి మధ్యలో ఊట, పక్కల్లో జారుడు అనే పద్ధతి పట్టుకున్నారు, 1955లో మాథుర్, గిష్లర్ దీనికి స్పౌటెడ్ బెడ్ అని పేరు పెట్టి ప్రచురించారు. తర్వాత గొట్టం తీసేసి పూర్తిగా కోన్ ఆకారమే వాడే కోనికల్ స్పౌటెడ్ బెడ్ వచ్చింది, స్పెయిన్‌లో బాస్క్ యూనివర్సిటీ వాళ్ళు ప్లాస్టిక్ చెత్తని వేడితో విడగొట్టడానికి దీన్ని ఏళ్ళ తరబడి పరీక్షించారు, వాళ్ళు చెప్పే కోన్ కోణాలు 28 నుంచి 60 డిగ్రీల మధ్య, అది రెండు గోడల మధ్య కోణం. కరిగిన ప్లాస్టిక్ గింజలకి అంటుకుని ముద్దకట్టకుండా జెట్ విడగొడుతుంది. టేపర్డ్ బెడ్, స్పౌటెడ్ బెడ్ రెండూ వేర్వేరు అన్నట్టు చాప్టర్లు విడగొట్టి చెప్తారు గానీ నిజానికి వాలు, గాలి లోపలికొచ్చే కన్నం సైజు, గింజ సైజు మారిస్తే ఒకటి ఇంకోదానిలోకి జారిపోతుంది.

వాలు ఉన్న ప్రతిచోటా ఇదే కథ అనుకోకూడదు. బొగ్గు, ఊక లాంటివి కాల్చే సీఎఫ్‌బీసీ (సర్క్యులేటింగ్ ఫ్లూయిడైజ్డ్ బెడ్) బాయిలర్ ఫర్నేస్ కూడా కింద ఇరుకుగా ఉంటుంది, చూస్తే అన్నాదమ్ముల్లా ఉంటాయి, పని మాత్రం తిరగేసి ఉంటుంది. అక్కడ గాలి మొత్తం అడుగునుంచి ఇవ్వరు, ప్రైమరీ ఎయిర్ కిందనుంచి, సెకండరీ ఎయిర్ కొంత పైనుంచి ఇస్తారు, గాలి పెరిగినచోట ఏరియా కూడా పెంచారు కాబట్టి స్పీడ్ పెద్దగా మారకుండా ఉంటుంది. ఎఫ్‌బిడిలో వాలు స్పీడ్ తగ్గించడానికి, బాయిలర్‌లో స్పీడ్ ఒకేలా నిలబెట్టడానికి.

కంప్యూటర్ సిమ్యులేషన్ల గురించి ఒక మాట. గాలినీ ఇసుకనీ రెండు కలిసిపోయిన ద్రవాల్లా తీసుకుని లెక్కించే పద్ధతి ఒకటి, ప్రతి గింజనీ విడిగా ట్రాక్ చేసే పద్ధతి ఇంకోటి, రెండోది నిజానికి దగ్గర కానీ మన 8.6 కిలోల ఇసుకలోనే అర మిల్లీమీటర్ గింజలు ఐదు కోట్లు ఉంటాయి, మామూలు మెషీన్ మీద నడిచే పని కాదు. మొదటి పద్ధతితో చేసిన పేపర్లలో చాలావరకు ప్రెషర్ డ్రాప్ కలిసింది కాబట్టి మోడల్ కరెక్ట్ అంటారు, ఇది కాస్త తొందరపాటు. బెడ్ తేలాక ప్రెషర్ డ్రాప్ అంటే ఎత్తు, సాంద్రతే, అది కలవకపోతేనే ఆశ్చర్యం. కలవాల్సింది ఆ 530 శిఖరం, గోడ పక్కన జారే వేగం, మధ్యలో ఇసుక ఎంత పల్చగా ఉంది అన్నవి. శిఖరం రావాలంటే బిగుసుకున్న గింజల మధ్య రాపిడి మోడల్‌లో సరిగ్గా ఉండాలి. పైగా చతురస్రాల గ్రిడ్ మీద వాలుగోడ గీస్తే మెట్లమెట్లుగా తయారవుతుంది, నున్నటి గోడ వెంట జారాల్సిన ఇసుక ఆ మెట్ల మీద ఆగిపోతుంది, అది ఫిజిక్స్ కాదు గ్రిడ్ తప్పు.

మన దేశంలో ఈ గరాటు బెడ్ల మీద ప్రయోగాలు ఎక్కువగా కనిపించేది రూర్కెలా ఎన్‌ఐటీ నుంచి, 1980ల నుంచీ అక్కడివాళ్ళు ఆ శిఖరం ప్రెషర్‌కీ బెడ్ పగిలే స్పీడ్‌కీ కోణాన్ని, ఎత్తుని కలిపి ఫార్ములాలు ఇస్తూ వచ్చారు. అలాంటి ఫార్ములా ఎవరిదైనా తీసుకుని వాడేటప్పుడు ముందు చూడాల్సింది ఒకటే, అందులో "స్పీడ్" అన్నది అడుగు ఏరియా మీద లెక్కేసిందా, పై ఏరియా మీదా, సగటు మీదా అని. మన చిన్న గరాటులోనే అడుగుకీ పైకీ మధ్య తేడా 4.2 రెట్లు.